చెట్టులేని దారిలో ఒక రోజు

(2024 డిసెంబరు 17న జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును గురించి నాకన్న ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. పెన్షను ఎవరో దయతలచి వేసే ముష్టి కాదు, చేసిన సేవకు దక్కిన హక్కు అన్న మాట ఎన్నిసార్లు విన్నా మనకు చెవులకు ఇంపుగానే ఉంటుంది. దాని మీద నేను కొత్తగా చెప్పగలిగింది లేదు. కార్యదర్శిగారు నాకు వేరే పని పురమాయించారు. "ఆస్ట్రేలియాలో ఇంటిని చక్రాల మీద పెట్టుకుని తిరిగొచ్చారట గదా, ఆ సంగతి చెప్పండి" అన్నారు. అన్ని రోజుల కథా చెబితే మీకు భోజనాల వేళ దాటిపోతుంది. అందుచేత ఒక్క రోజు సంగతే చెబుతాను. ఆ ఒక్క రోజులో నాకు తెలిసివచ్చిన విషయం మనందరికీ పనికివచ్చేది అని నా నమ్మకం.

నన్ను ఎరగనివారి కోసం రెండు మాటలు. కాకినాడ కలెక్టరాఫీసులో గుమాస్తాగా చేరి, సర్వీసులో ఎక్కువ భాగం తపాలు సెక్షనులోనే గడిపి, 2008లో రిటైరయ్యాను. ఇప్పుడు డెబ్బై నాలుగేళ్ళు. గుండెకు ఒక స్టెంటు ఉంది, బి.పి. మాత్రలు ఉన్నాయి. మా ఇంటావిడ 2021లో కాలం చేసింది. కాకినాడలో ఒక్కణ్ణే ఉంటున్నాను. ఒక్కడే కొడుకు, ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఉద్యోగం. 2024లో వాడికి పెర్త్‌కు బదిలీ అయింది. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. విమానంలో పోతే మూడు నాలుగు గంటల ప్రయాణం. మావాడు మాత్రం, "నాన్నా, రోడ్డు మీద పోదాం. మీకు ఆ దేశం అసలు స్వరూపం చూపిస్తాను" అని ఒక మోటారుహోమ్ అద్దెకు తెచ్చాడు. దూరం సుమారు 2,700 కిలోమీటర్లు. కన్యాకుమారి నుంచి ఢిల్లీకి దాదాపు అంతే ఉంటుంది. అయితే మన దారిలో పది కిలోమీటర్లకు ఒక ఊరు, ఊరికి రెండు టీ కొట్లు. అక్కడ అలా కాదు.

మోటారుహోమ్ అంటే మినీ బస్సంత బండిలో ఒక చిన్న కాపురం. ముందు డ్రైవరు సీటు, వెనక గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, సింకు, మడిచిపెట్టే బల్ల, పైన ఒకటి వెనక ఒకటి పడకలు, నీళ్ళ ట్యాంకు. మన వయసువారు ముందుగా అడిగే ప్రశ్న నాకు తెలుసు. ఉంది. బీరువా అంత గదిలో ఉంది. రాత్రి మూడుసార్లు లేచే నాకు అదే పెద్ద ధైర్యం. దాని అడుగున డబ్బా నిండితే ఎక్కడ పడితే అక్కడ పారబొయ్యకూడదు. అందుకోసం కట్టిన చోటే ఖాళీ చెయ్యాలి. ఆ పని మావాడు చేశాడు. నన్ను ముట్టనివ్వలేదు.

మేము పోయిన దారి పేరు ఐర్ హైవే. పోర్ట్ అగస్టా నుంచి నార్స్‌మన్ దాకా 1,600 కిలోమీటర్ల పైచిలుకు. అది నల్లార్బర్ అనే మైదానం అంచున పోతుంది. లాటిన్ భాషలో "చెట్టు లేనిది" అని ఆ మాటకు అర్థమట. రెండు లక్షల చదరపు కిలోమీటర్ల సున్నపురాతి పలక అది. వాన కురిస్తే నీరు నిలవదు, రాతిలోకి ఇంకిపోతుంది. అందుకే వాగు లేదు, చెరువు లేదు. ఈ దారికి ఆసాంతం తారు పడింది 1976లో. అంటే నేను ఉద్యోగంలో చేరిన తరవాత.

ఇక ఆ రోజు సంగతి. జూలై నెల, అక్కడ చలికాలం. బయలుదేరిన నాలుగో రోజు. ముందు రోజు సాయంత్రం తీరాన తిమింగలాలను చూసి, నల్లార్బర్ రోడ్‌హౌస్ అనేచోట బండి నిలిపి పడుకున్నాం. రోడ్‌హౌస్ అంటే ఒక పెట్రోలు బంకు, ఒక హోటలు, నాలుగు గదులు, బళ్ళు నిలుపుకునే ఖాళీ జాగా. అంతే. అక్కణ్ణించి తరవాతి రోడ్‌హౌస్‌కు సుమారు 185 కిలోమీటర్లు. మధ్యలో ఇల్లు లేదు, కొట్టు లేదు, సెల్‌ఫోనుకు సిగ్నలు లేదు.

తెల్లవారి లేచి చూస్తే నాలుగు దిక్కులా మోకాలెత్తు బూడిదరంగు పొదలు తప్ప ఏమీ లేవు. ఆకాశం మూకుడు బోర్లించినట్టు నేల దాకా దిగి ఉంది. ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళ దొంతర్ల మధ్య కూర్చున్నవాణ్ణి. కంటికి ఏదీ అడ్డు తగలకపోయేసరికి మొదట కాస్త భయం వేసిందనే చెప్పాలి.

బయలుదేరే ముందు మా ఇంట్లో ఒక కార్యక్రమం ఉండేది. మొదటిరోజే ఒక నోటుబుక్కు కొని, పొద్దున్నే సరిచూసుకోవలసినవి వరసగా రాశాను. గ్యాసు కట్టేశామా, ఫ్రిజ్ తలుపు గడియ పడిందా, పైకప్పు కిటికీ మూశామా, మెట్టు మడిచామా, నీళ్ళెన్ని, డీజిలెంత, చక్రాల గాలి, తాతగారి మాత్రలు. మొత్తం పద్నాలుగు. మా మనవరాలికి తొమ్మిదేళ్ళు. అది ఒక్కొక్కటి గట్టిగా చదవడం, నేను టిక్కు పెట్టడం. చివర అది "ఆఫీసర్ సంతకం!" అనేది. సంతకం పెట్టేవాణ్ణి. మావాడు మొదటిరోజు నవ్వాడు. మూడోరోజు నుంచి ఆ సంతకం పడందే తాళం తిప్పలేదు.

నీళ్ళ విషయం చెప్పాలి. ఆ దారిలో రోడ్‌హౌస్‌లకే నీళ్ళు కరువు. ఎవరి నీళ్ళు వారు తెచ్చుకోవాలి. గిన్నెలు కడగడానికి ఒక చెంబు, మొహానికి ఒక గ్లాసు అని మా కోడలు లెక్క కట్టింది. వేసవిలో మన పేటలో నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన రోజులు గుర్తొచ్చాయి. పొదుపు మనకు కొత్తగా నేర్పవలసిన విద్య కాదు.

పొద్దున్నంతా దారి సముద్రాన్ని ఒరుసుకుంటూ పోయింది. ఆ సముద్రానికి మన కాకినాడ బీచిలాంటి ఒడ్డు లేదు. నేల ఉన్నట్టుండి కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. కింద ఎక్కడో, వంద మీటర్ల లోతున, దక్షిణ సముద్రం రాతిని కొడుతూ ఉంటుంది. గాలి తోసేస్తుందేమోనని మనవరాలి చెయ్యి నేను పట్టుకున్నానో, నా చెయ్యి అది పట్టుకుందో తెలియదు. ఆ కొండచరియలు అలాగే వంద కిలోమీటర్ల దాకా సాగుతాయి.

ఈ రోడ్డుకు పేరు ఇచ్చిన ఎడ్వర్డ్ జాన్ ఐర్ 1841లో ఈ తీరాన్ని దాటినవాడు. దారిలో అతని కింద పనిచేసే బాక్స్‌టర్ హత్యకు గురయ్యాడు. సామాను పోయింది. చివరికి ఐర్, అతని వెంట ఉన్న వైలీ అనే ఆదివాసి యువకుడు ఇద్దరే మిగిలి, ఆ జూలైలో ఆల్బనీ రేవు చేరారు. ఇసుకదిబ్బల కింద తవ్వితే మంచినీళ్ళు దొరుకుతాయని ఐర్‌కు చూపించింది ఆ తీరపు ఆదివాసులే. రోడ్డుకు ఐర్ పేరుంది. నీళ్ళు చూపినవారి పేర్లు ఏ రాతిమీదా నాకు కనపడలేదు.

ఆ దారిలో ఎదురుపడేవి ఎక్కువగా పెద్ద లారీలు. రోడ్ ట్రెయిన్ అంటారు, పేరుకు తగ్గట్టే రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి తగిలించి ఉంటాయి. కొన్ని 36 మీటర్లకు పైగా పొడవు. అది పక్కనుంచి పోతే గాలికి మా ఇల్లంతా, గిన్నెలతో సహా, ఒక ఊపు ఊగేది. ఎదురుగా వచ్చే ప్రతి డ్రైవరూ స్టీరింగు మీది చెయ్యి తియ్యకుండా ఒక్క వేలు ఎత్తుతాడు. మావాడూ ఎత్తుతాడు. "ఎవర్రా ఆయన, తెలిసినవాడా?" అని అడిగాను. "ఎవరో తెలియదు నాన్నా. నిన్ను చూశాను, నువ్వు క్షేమమే అని అర్థం" అన్నాడు. ఆ తరవాత ఎత్తవలసిన వేలు నేనే ఎత్తాను. సాయంత్రానికి నలభై ఒకటి లెక్క తేలింది. నోటుబుక్కులో రాశాను.

ఇంకొకటి చూశాను. ఆ రహదారి మీద అక్కడక్కడ రోడ్డుకు అడ్డంగా వెడల్పాటి తెల్లని పట్టెలు వేసి ఉంటాయి. అది విమానం దిగే చోటు. రోడ్డే రన్‌వే. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే రాకపోకలు ఆపి, డాక్టరున్న విమానాన్ని అక్కడే దింపుతారు. రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు అని 1928లో జాన్ ఫ్లిన్ అనే క్రైస్తవ బోధకుడు క్వీన్స్‌లాండ్‌లో మొదలుపెట్టిన సేవ అది. కరెంటు లేని పల్లెల్లో పిలుపు అందడానికి కాలితో తొక్కితే పనిచేసే వైర్‌లెస్ యంత్రాన్ని ట్రేగర్ అనే ఆయన తయారుచేశాడు. స్టెంటు ఉన్న మనిషికి ఆ తెల్లపట్టెలు చూస్తే ఎంత నిబ్బరం కలుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మధ్యాహ్నానికి రాష్ట్ర సరిహద్దు చేరాం. అక్కడ రెండు ఆచారాలు. మొదటిది గడియారం. ముప్పావుగంట వెనక్కి తిప్పాలి. దక్షిణ ఆస్ట్రేలియాకు ఒక కాలం, పెర్త్‌కు ఒక కాలం, ఈ మధ్యలో నాలుగైదు రోడ్‌హౌస్‌ల జనం తమకంటూ ఒక కాలం పెట్టుకున్నారు. మన దేశంకన్న మూడుంబావు గంటలు ముందు. మాత్రల వేళ తప్పకుండా నేను ఎడమచేతికి స్థానిక కాలం, జేబులో మన కాకినాడ కాలం పెట్టుకుని తిరిగాను.

రెండోది తనిఖీ. పశ్చిమ ఆస్ట్రేలియాలోకి పచ్చి కూరగాయలు, పళ్ళు, తేనె, విత్తనాలు తీసుకుపోరాదు. పురుగులు, తెగుళ్ళు పొలాలకు పాకుతాయని వారి భయం. ముందురాత్రే మా కోడలు ఉన్న కూరగాయలన్నీ కలిపి కూర వండేసింది. మిగిలినవి నాలుగు నిమ్మకాయలు, గుప్పెడు కరివేపాకు. అడిలైడ్‌లో పెరట్లో పెంచిన చెట్టుదా కరివేపాకు. ఇచ్చేటప్పుడు ఆ పిల్ల మొహం చిన్నబోయింది. తనిఖీ ఉద్యోగి ఫ్రిజ్ తెరిచి చూశాడు, అరలు చూశాడు, ఆవకాయ జాడీ మూత తీసి వాసన చూసి దగ్గాడు, దానికి అభ్యంతరం లేదన్నాడు. మా ముందు వచ్చిన పెద్ద కారుకూ అదే తనిఖీ, మా వెనక లారీకీ అదే. ఒకే రూలు, చిరాకు లేని మాట. ఆయన పని చేసే తీరు నాకు నచ్చింది, మావాడి చేత ఆ మాట చెప్పించాను.

అక్కణ్ణించి పన్నెండు కిలోమీటర్లకు యూక్లా. ఇప్పుడు పట్టుమని యాభై గడప లేదు. కింద ఇసుకదిబ్బల్లో పాత టెలిగ్రాఫ్ ఆఫీసు శిథిలాలు ఉన్నాయి. ఇసుక దారి, మా అద్దె బండి పోకూడదు. రోడ్‌హౌస్ దగ్గర ఒక వృద్ధ దంపతులు కలిశారు. ఆయన రైల్వేలో రిటైరైనవాడు. మూడు నెలలుగా ట్రైలరు ఇల్లు లాక్కుంటూ తిరుగుతున్నారట. అలాంటి వృద్ధ సంచారులు ఆ దేశంలో చాలామంది. నేనూ పెన్షనరునే అనగానే ఆయన చెయ్యి చాపి, "అయితే మన డిపార్టుమెంటే" అని తన జీపులో మమ్మల్ని తీసుకుపోయాడు.

ఆ శిథిలాల ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. పైకప్పు లేదు. సున్నపురాతి గోడలు సగం దాకా ఇసుకలో మునిగి ఉన్నాయి. 1877లో పశ్చిమ ఆస్ట్రేలియాను తూర్పుతో, తూర్పు ద్వారా ప్రపంచంతో కలిపిన తీగ ఇక్కడ చేరింది. అప్పటికి అవి వేరువేరు వలస రాజ్యాలు. వారు వాడే మోర్స్ సంకేతాలు కూడా వేరే. తూర్పునుంచి వచ్చిన వార్త ఇక్కడ ఒక గుమాస్తా విని, కాగితం మీద రాసి, అడ్డు అవతల కూర్చున్న రెండో రాజ్యపు గుమాస్తాకు అందించేవాడు. అతను దాన్ని తన సంకేతంలో పడమటికి కొట్టేవాడు. ఆ తరవాత రైలుమార్గం ఉత్తరాన పడి, తీగ అటు మారాక 1927లో ఈ ఆఫీసు మూతపడింది. కుందేళ్ళు విపరీతంగా పెరిగి దిబ్బలమీది గడ్డీ గాదం తినేస్తే, పట్టు తప్పిన ఇసుక వచ్చి కప్పేసింది.

మీకు నవ్వొస్తుందేమో గాని, నాకు ఆ చోట మన తపాలు సెక్షను కనపడింది. ఇన్‌వర్డు, డిస్పాచి. ఒక చేత్తో తీసుకోవడం, నంబరు వెయ్యడం, రెండో చేత్తో అందించడం. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను మీలో చాలామంది ఎరుగుదురు. స్తంభాలు కూలి, ఫోన్లు మూగబోయాయి. కోనసీమ నుంచి కబుర్లు తడిసిన చీటీల మీద మనుషుల చేత వచ్చాయి. ఒక్కొక్క చీటీకి నంబరు, వేళ వేసి పై అధికారికి అందించడమే నా పని. ఆ చీటీలోని మనిషిని నేను ఎరగను. నన్ను అతను ఎరగడు. మధ్యలో ఎవరో ఒకరు మెలకువగా ఉండడమే ముఖ్యం.

"తాతయ్యా, టెలిగ్రాం అంటే ఏమిటి?" అని అడిగింది మనవరాలు. మన దేశంలో 2013 జూలైలో ఆగిపోయింది, దానికి అప్పటికి పుట్టుకే లేదు. చెప్పాను. మా చిన్నప్పుడు ఊళ్ళోకి తంతివాడు వస్తే కాగితం విప్పకముందే ఆడవాళ్ళు ఏడుపు మొదలుపెట్టేవారని, ఎక్కువగా అది చావు కబురేనని చెప్పాను. మావాడు వింటున్నాడు. ఏమీ అనలేదు.

మళ్ళీ బండెక్కి ముప్పావుగంట పోయాక, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా మావాడు అన్నాడు: "నాన్నా, అమ్మ కబురు నాకు ఫోన్‌లో వచ్చింది. కార్యం కూడా ఫోన్‌లోనే చూశాను."

2021 మే నెల సంగతి. కోవిడ్. ఆస్ట్రేలియా సరిహద్దులు మూసి ఉన్నాయి, విమానాలు లేవు. తల్లికి ఒక్కడే కొడుకు, తలకొరివి పెట్టడానికి రాలేకపోయాడు. మా చెల్లెలి కొడుకు ఆ పని చేశాడు. మూడేళ్ళు అయింది. ఎన్నిసార్లు ఫోనులో మాట్లాడుకున్నా, ఎదురెదురుగా కూర్చుని భోంచేసినా, ఈ మాట మా ఇద్దరి మధ్యా రాలేదు. ఆ రోడ్డు మీద వచ్చింది. ఇద్దరం ముందుకే చూస్తున్నాం, ఒకరి మొహం ఒకరు చూడనక్కరలేదు. వంద కిలోమీటర్ల దాకా దిగిపోయే స్టాపు లేదు. అందువల్ల కావచ్చు.

"దారి మూసేశారు నాయనా, నువ్వు మానలేదు. మీ అమ్మకు ఆ సంగతి తెలుసు. ఆక్సిజన్ పెట్టిన రోజున కూడా 'వాణ్ణి కంగారు పెట్టకండి' అన్నది" అన్నాను. ఆ మాట వాడికి అంతకుముందు చెప్పే సందర్భమే రాలేదు.

కొంతసేపటికి వాడు అసలు మాట అన్నాడు. "ఇంక మీరు అక్కడ ఒక్కరే ఉండొద్దు నాన్నా. వచ్చేయండి. అర్ధరాత్రి గుండె నొప్పి వస్తే ఎవరున్నారు? మళ్ళీ ఫోన్‌లో చూడలేను." వెనక కూర్చున్న మా కోడలు, "అవును మామయ్యగారూ, మీ గది కూడా చూసే ఇల్లు తీసుకున్నాం" అంది.

వెంటనే జవాబు చెప్పలేదు. రోడ్డు సాగుతోంది. పక్కన చచ్చిపడి ఉన్న కంగారూ మీద పెద్ద గద్దలు వాలి ఉన్నాయి. కంగారూలు మసకచీకట్లో రోడ్డు మీదికి వస్తాయి, అందుకని పొద్దుగూకకముందే బండి ఆపెయ్యాలి. ఆ రోజు మా మజిలీ మధురా. పేరు వింటే మన ఊరి పేరులాగే ఉంది గదా! 1876లో అక్కడ గుర్రాల పెంపకం పెట్టారు. ఎందుకనుకున్నారు, మన దేశంలోని ఇంగ్లీషు సైన్యానికి గుర్రాలు పంపడానికి! అడిలైడ్‌కూ పెర్త్‌కూ ఇంచుమించు సగం దూరం. అయిదుగంటలకు చేరాం. ఆ రోజు నడిచింది సుమారు 380 కిలోమీటర్లు.

రాత్రి అన్నంలో ఆవకాయ, నెయ్యి. బయట చలి. నక్షత్రాలు ఎన్ని ఉన్నాయంటే, వాటిని చూస్తుంటే మనిషికి తానెంత చిన్నవాడో తెలుస్తుంది. పిల్ల నిద్రపోయాక నోటుబుక్కు తీశాను. ఆ రోజంతా నేను చూసింది మనసులో కూడుకుంటూ వచ్చింది. ఇంత శూన్యంలో ఇంతమంది క్షేమంగా ఎలా పోతున్నారు? ఊళ్ళు దగ్గరగా ఉండి కాదు. లెక్కప్రకారం ఒక రోడ్‌హౌస్, రోడ్డు మీద తెల్లపట్టెలు, ఎదురొచ్చినవాడు ఎత్తే వేలు, పొద్దుటి పద్నాలుగు టిక్కులు ఉండబట్టి. దూరాన్ని మనం తగ్గించలేం. మధ్యలో ఏర్పాట్లు చేసుకోగలం. ఆ ఏర్పాటు లేనప్పుడు పక్కవీధి కూడా దూరమే.

మావాణ్ణి పిలిచి ఇలా చెప్పాను: "నాకు కాళ్ళు ఆడినంత కాలం కాకినాడలోనే ఉంటాను. నా పెన్షను, నా భాష, నా సంఘం, మీ అమ్మ వేసిన సన్నజాజి అక్కడున్నాయి. ఊరికే మొండికేసి ఈ మాట అనడం లేదు. చూడు, ఇదీ ఏర్పాటు." రాసిన కాగితం ఇచ్చాను. దాన్నే మీకు చదివి వినిపిస్తాను.

ఒకటి. రోజూ మన కాలం పొద్దున ఏడు గంటలకు, పెర్త్‌లో తొమ్మిదిన్నరకు, నేను ఫోను చెయ్యాలి. ఏడున్నర దాటినా రాకపోతే వాడు పక్కింటివారికి చెయ్యాలి.

రెండు. ఇంటి తాళంచెవి ఒకటి పక్కింట్లో ఉంటుంది. రాత్రిళ్ళు లోపలి గడియ పెట్టను, బయటినుంచి తెరుచుకునే తాళమే వేస్తాను.

మూడు. మాత్రల జాబితా, డాక్టరు ఫోను నంబరు, రక్తం గ్రూపు రెండు ప్రతులు. ఒకటి నా జేబులో, ఒకటి వాడి దగ్గర.

నాలుగు. పి.పి.ఓ., బ్యాంకు పుస్తకం, నామినేషన్లు, ఇంటి దస్తావేజు ఒకే ఫైలులో. ఏ అరలో ఉందో వాడికీ కోడలికీ తెలియాలి.

అయిదు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చిన తరవాత మూడు నెలలు వాళ్ళ దగ్గర. నా టిక్కెట్టులో సగం నా పెన్షనులోంచి.

ఆరు. నా పనులు నేను చేసుకోలేని రోజు వస్తే, వాదన లేకుండా వాడు చెప్పినచోటికి వస్తాను.

మావాడు రెండుసార్లు చదివాడు. తరవాత కలం అడిగి పుచ్చుకుని, కింద ఏడోది వాడే రాశాడు: "మళ్ళీ దారి మూసుకుపోతే, నేను రాలేకపోతే, నా బదులు బావ ఉంటాడు. నేను ముందే అతనితో మాట్లాడతాను." రాసి సంతకం పెట్టాడు. నేనూ పెట్టాను. ఆ రాత్రి నిద్ర బాగా పట్టింది. వాడికీ పట్టిందని మర్నాడు కోడలు చెప్పింది.

మర్నాడు కైగునా దాటాక ఒక్క వంపు కూడా లేని 146.6 కిలోమీటర్ల తిన్నని రోడ్డు వచ్చింది. ఆ ముచ్చట వేరే ఎప్పుడైనా చెబుతాను.

పెద్దలారా, ఇక్కడ కూర్చున్నవారిలో ఎంతమంది పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో అమెరికాలోనో ఉన్నారో చేతులెత్తమంటే సభలో సగం చేతులు లేస్తాయి. మీరు మోటారుహోమ్ ఎక్కాలని నేను అనడం లేదు. ఎక్కితే మంచిదే. ఆ రైల్వే పెన్షనరుకు డెబ్బై తొమ్మిదేళ్ళు, తన బండి తనే నడుపుతున్నాడు. నేను కోరేది ఇంతే. ఈ రాత్రి ఇంటికి పోయి ఒక కాగితం తీసుకోండి. మీ ఆరో ఏడో అంశాలు మీరు రాయండి. భార్యాభర్తలిద్దరూ ఉంటే ఇద్దరూ కూర్చుని రాయండి. కుటుంబ పెన్షను కాగితాలు ఎక్కడున్నాయో ఆవిడకు తెలియదంటే, అది ఈ వారంలోనే తెలియాలి. పిల్లలకు చదివి వినిపించండి. వాళ్ళు అడగలేక ఊరుకున్న మాటలు చాలా ఉంటాయి, అవీ బయటికి వస్తాయి.

చివరగా కార్యవర్గానికి ఒక మనవి. మన సంఘంలో ఒంటరిగా ఉంటున్న సభ్యుల పేర్లతో ఒక పలకరింపు రిజిస్టరు పెడదాం. ఇద్దరిద్దరిని జత చేద్దాం. రోజూ పొద్దున ఒకరికొకరు ఒక్క ఫోను. "బాగున్నారా?" "బాగున్నాను." అంతకన్న మాట్లాడనక్కరలేదు. ఎదురు లారీవాడు ఎత్తే వేలు అంతే గదా! జవాబు రాకపోతే ఎవరు వెళ్ళి తలుపు తట్టాలో రిజిస్టరులో రాసి ఉంటుంది. ఖర్చు లేదు, జి.ఓ. అక్కరలేదు. రిజిస్టరు రాసే పని నాకు ఇప్పించండి. చేతిరాత ఇంకా చెడిపోలేదు. ఈ సభ ముగిశాక ఆ మూల బల్ల దగ్గర కూర్చుంటాను, పేర్లు ఇవ్వదలచినవారు వచ్చి ఇవ్వవచ్చు.